చిలకపచ్చ జాడీ

డ్రాయింగ్ టీచరంటే ఎవరికీ భయముండదు. లెక్కల సారు వస్తా ఉంటే పిల్లలు వరండాలో గోడకు అతుక్కోనిపోతారు. నేను వస్తా ఉంటే రంగు పెన్సిళ్ళ కోసం కొంగు పట్టుకోని లాగుతారు. చిత్తూరు ఆడపిల్లల హైస్కూల్లో పనిచేసినన్నాళ్ళూ నా బతుకు అంతే. మా హెడ్‌మిస్ట్రెస్సమ్మ మొహానే అనేది: "నీకేం మణెమ్మా, చెట్టు, గుడిసె, రెండు కొండల నడుమ సూర్యుడు. నీ సబ్జెక్టులో ఫెయిలయ్యేదుందా, చచ్చేదుందా?"

నేను నవ్వి ఊరుకునేదాన్ని. చచ్చేదుందని నాకు తెలుసు. ఇరవై ఏళ్ళన్నా నిండకముందే తెలిసింది.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను చూడడానికి వచ్చి, ఏమన్నా చెప్పండి టీచర్ అని అడుగుతారు. ప్రమోషన్లు, ట్రాన్స్‌ఫర్ల గొడవ చెప్పేదానికి శానామంది ఉండారు. నేను ఒక జాడీ సంగతి చెబుతాను. మిగతాది మీరే నేర్చుకుంటారు.

మాస్టారి సుత్తి

మాది వడమాలపేట. నాయన మిషను బళ్ళో అయ్యోరు. నన్ను మద్రాసులో బొమ్మల కాలేజీకి పంపిస్తానంటే చర్చిలో పెద్దలే ముక్కున వేలేసుకున్నారు. "రాసేది నేర్పిస్తే తప్పులేదు గానీ గీసేది నేర్పిస్తే తప్పా?" అన్నాడు నాయన. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఆ ఒక్కమాటకే నేను రైలెక్కినాను.

అక్కడ మాకు మూడు పనులు నేర్పేవాళ్ళు. పుస్తకాలకు బొమ్మలు గీయడం, మట్టితో పాత్రలు చేసి కాల్చడం, చెక్కమీద బొమ్మ చెక్కి కాగితం మీద అచ్చు తీయడం. మూడింట్లో మట్టిపని మాస్టారంటే మాకు హడల్. అరవాయన, సన్నగా, ఎప్పుడూ భుజం మీద తువ్వాలు, నోట్లో తిట్టు. మట్టి పిసకడం సరిగా రాలేదంటే ముద్దను తీసి కిటికీలోంచి బయటికి విసిరేసేవాడు. చెయ్యి మాత్రం బంగారం. అటువంటి చెయ్యి నేను మళ్ళీ చూడలేదు.

కుండమీద గాజులాగా మెరిసే పూత వేయడం ఆయన దగ్గరే నేర్చుకున్నాము. సింధూరం, సన్నటి ఇసుక కలిపి నూరి పూస్తే మంటలో కరిగి మెరుపు వస్తుంది. కొంచెం రాగిపొడి చేరిస్తే చిలకపచ్చ. ఆంజనేయస్వామికి పూసే సింధూరమే, అంగట్లో దొరికేదే. అయితే అది సీసం. మేము పరీక్షకని చేసిన ప్రతి ముక్కనూ ఆయన చూసి, తిప్పి చూసి, సుత్తి మా చేతికే ఇచ్చేవాడు. "పగలగొట్టు" అనేవాడు. ఎంత బాగా వచ్చినా అంతే. నా పక్కన కూర్చునే పిల్ల ఒకసారి ఏడ్చేసింది. ఆయన కరగలేదు.

ఎందుకు పగలగొట్టాలో ఆయన ఒకే ఒకసారి చెప్పినాడు. ముందు పనిచేసిన ఫ్యాక్టరీలో పూత నూరే మనిషికి మణికట్లు వాలిపోయినాయంట. చెయ్యెత్తితే వేళ్ళు కిందికి వేలాడేవంట. మొదట కడుపునొప్పి, తర్వాత ఫిట్స్, తర్వాత మనిషే పోయినాడంట. "దీంట్లో తినేది పెట్టకూడదు. పులుపైతే అసలే పెట్టకూడదు, పులుపు పూతలోంచి సీసాన్ని బయటికి లాగేస్తుంది" అని చెప్పి, తువ్వాలుతో మొహం తుడుచుకోని, మళ్ళీ తిట్లలో పడినాడు.

నా మట్టుకు నేను చెబుతాను, ఆయన గొప్ప పనివాడు, మంచి పంతులు కాదు. పగలగొట్టమని రోజూ చెప్పి, ఎందుకని మాత్రం ఒక్కసారే చెప్పినాడు. ఆ రోజు జ్వరమొచ్చి రాని పిల్లకు ఆ సంగతే తెలీదు.

మునెప్ప వాకిలి

యుద్ధం రోజులు. జపానోళ్ళు మద్రాసు మీద బాంబులేస్తారని పుకారు లేచి ఊరు ఊరంతా మూటలు కట్టింది. హాస్టలు ఖాళీ చేయమన్నారు. ఎవరి ఊళ్ళో వాళ్ళు మూడు పనులూ చేసి పెట్టుకోండి, తెరిచినాక తెచ్చి చూపించండి అన్నారు. నేను ఇంటికి వచ్చి పడినాను.

బొమ్మలు గీయడానికి కాగితం, పెన్సిలు చాలు. అచ్చులకు చెక్క, ఉలి దొరికినాయి. మట్టిపనికి మాత్రం కుండలు కాల్చే ఆము కావాల. మా వీధి దాటితే కుమ్మరి మునెప్ప ఇల్లు. ఆయన పెళ్ళాం రాజమ్మక్కకు నేను గౌన్లు వేసుకునేటప్పటి నుంచి తెలుసు. "ఏం తల్లీ, మద్రాసుకు పోయి మట్టి పిసికేది నేర్చుకున్నావా? ఈడే ఉంటే మేము ఊరికే నేర్పుతుంటిమే" అని ఎగతాళి చేసింది. మునెప్ప చక్రం మీద నన్ను చెయ్యి వేయనీలేదు. మేము మిషనోళ్ళము. నాకది కొత్త కాదు. ఆయన తిప్పి ఇచ్చినవాటికి పిడులు అంటించి, పూత పూసి, వాకిట్లోనే కూర్చోని పని చేసుకునేదాన్ని.

కుమ్మరి ఆములో మద్రాసు కొలిమిలో ఉన్నంత వేడి రాదు. నా ముక్కలు శానావరకు పొగచూరి, పొక్కులు లేచి, చూస్తే ఏడుపొచ్చేటట్టుగా వచ్చినాయి. ఒకటి మాత్రం, జానెడెత్తు జాడీ, పిడి ఉన్నది, చిలకపచ్చగా మెరిసిపోతా వచ్చింది. రాజమ్మక్క వేలితో నిమిరి చూసి, "గాజు మాదిరి ఉండాదే" అనింది. యుద్ధం వల్ల అంగళ్ళలో ఊరగాయ జాడీలు రావడం నిలిచిపోయిన కాలం. ఆమె కంట్లో ఆశ నాకు కనబడింది. కనబడినా నేను దాని గురించి ఆలోచించలేదు. నా లోకంలో నేను ఉన్నాను.

ఆ జాడీని నాలుగు పక్కల నుంచీ బొమ్మ వేసుకున్నాను. ఆ బొమ్మతోనే చెక్క చెక్కుదామని అనుకున్నాను. ఒకే వస్తువును మట్టిలో, గీతలో, అచ్చులో చూపిస్తే మాస్టర్లు మెచ్చుకుంటారని నా ఆశ. ఇంతలో చిత్తూర్లో మా అవ్వకు బాగలేదని కబురొచ్చింది. నాయన, నేను ఉన్నపళంగా బయలుదేరినాము. పోతా పోతా, "రాజమ్మక్కా, ఆ పచ్చ జాడీని పగలగొట్టెయ్" అని చెప్పినాను. "సర్లే తల్లీ, నువ్వు పద" అనింది.

నాకు తెలీంది ఒకటుండాది. కుమ్మరింట్లో ఆములోంచి చెక్కుచెదరకుండా వచ్చిన కుండను చేత్తో పగలగొట్టరు. నిప్పులోంచి బతికొచ్చిందాన్ని చంపినట్టు లెక్క. వాళ్ళకు కుండ పగలగొట్టేది ఒక్క శ్మశానంలోనే. వాళ్ళ పక్కవీధిలోనే పెరిగి నాకది తెలీదు, సీసం సంగతి ఆమెకు తెలీదు.

జాడీ యాడక్కా

అవ్వ కోలుకున్నాక తిరిగొచ్చి చెక్క చెక్కినాను. దీపం మసిలో అవిసెనూనె కలిపి సిరా చేసి, చెక్కకు పూసి, పైన కాగితం పరిచి, గరిటె వెనకతట్టుతో రుద్ది అచ్చు తీసినాను. అంతా బాగుంది గానీ పిడి దగ్గర వంపు ఏదో తప్పుగా కనబడింది. పెంకులైనా ఉంటాయి కదా, పిడిముక్క చూసొద్దామని మునెప్ప వాకిట్లోకి పోయినాను.

"అక్కా, ఆ జాడీ పెంకులు యాడేసినావు?"

రాజమ్మక్క మొహం అదోలా పెట్టింది. "పెంకులేంది తల్లీ. అంత సక్కనిదాన్ని ఎట్ల పగలగొట్టేది? మా చెంగమ్మకు పంపిస్తి."

చెంగమ్మ ఆమె ఒక్కగానొక్క కూతురు. తిరుపతిలో అలిపిరి దగ్గర కుమ్మరోళ్ళ ఇంటికి ఇచ్చినారు. అప్పుడు కడుపుతో ఉంది.

"ఒట్టిదే పంపిస్తివా?"

"ఒట్టిది పంపిస్తారా ఎవరన్నా? నిమ్మకాయ ఊరగాయ పెట్టి పంపిస్తి. నోరు చప్పగా ఉండాది, పులుపు పులుపని ఏడస్తా ఉండాదంట. పొద్దున సంగటిలోకి అదే, రాత్రి బువ్వలోకీ అదేనంట."

అక్కడే మట్టికుప్ప పక్కన కూలబడినాను. ఏమైంది తల్లీ అని ఆమె అడుగుతా ఉంది. చెబితే ఏమవుతుందో ఆ నిమిషంలోనే అంతా కళ్ళ ముందుకొచ్చింది. మిషనోళ్ళ పిల్ల కడుపుతో ఉన్న ఆడదానికి జాడీలో విషం పెట్టిందని ఊరు లేస్తుంది. మునెప్ప కుండల్లో విషముందంటే ఇంకెవరూ ఆయన వాకిలి తొక్కరు. చెప్పకపోతే ఆ పిల్ల ఈ పూట కూడా అదే తింటుంది.

చెప్పినాను. ఆమె మొదట నవ్వింది. "ఆంజనేయస్వామికి పూసేది విషమా? మతి పోయిందా నీకు?" అనింది. నేను మాస్టారు చెప్పింది చెప్పినాను. కడుపునొప్పి అనే మాట రాగానే ఆమె నవ్వు ఆగిపోయింది.

"మొన్న సంతలో అలిపిరోళ్ళు చెప్పినారు" అనింది మెల్లగా. "చెంగమ్మకు కడుపులో మెలిపెడతా ఉండాదని. కడుపుతో ఉన్నోళ్ళకు మామూలే అని నేనే అంటి."

బొగ్గు బస్సు

పెట్రోలు లేక ఆ రోజుల్లో బస్సులు బొగ్గుతో నడిచేవి. వెనకాల ఇనప డ్రమ్ము, దాంట్లో బొగ్గు నిప్పు, ఎక్కడన్నా ఆగిపోతే కండక్టరు దిగి ఆ డ్రమ్ము చక్రం తిప్పి నిప్పుకు గాలి కొట్టేవాడు. ఆ రోజు అది రేణిగుంట చేరేలోపలే ఆగింది, దాటినాక మళ్ళీ ఆగింది. దిగి నడుద్దామన్నాను. రాజమ్మక్క నా రెక్క పట్టుకోని కూర్చోబెట్టింది.

మునెప్పకు ఆమె చెప్పలేదు. కూతుర్ని చూసొస్తా, అయ్యోరి బిడ్డకు తిరుపతిలో రంగులు కొనాలంట, తోడుపోతా అనింది. తిరుపతి దగ్గర పడినాక కిటికీలోంచి కొండ వైపు చూస్తా అనింది: "పగలగొట్టమని చెప్పినావు తల్లీ. ఎందుకో చెప్పలేదే."

మాస్టారిని ఎందుకు తప్పుపట్టినానో అదే పని నేనూ చేసినాను.

అలిపిరిలో చెంగమ్మ అత్తగారిల్లు కొండ కిందనే. నడిచి కొండెక్కే యాత్రికులకు ముంతలు, కూజాలు అమ్మేవాళ్ళు. మేము పోయేసరికి చెంగమ్మ గడపకు ఆనుకోని కూర్చోనుంది. మనిషి పాలిపోయి, కళ్ళు గుంటలు పడి, నాకు తెలిసిన పిల్ల మాదిరే లేదు. "నోట్లో ఏందో తియ్యగా ఉంటాదమ్మా ఎప్పుడూ. అందుకే పులుపు తింటా" అనింది తల్లితో. నేను పొయ్యి పక్కనున్న జాడీ తీసి లోపలికి చూసినాను. ఊరగాయ ఉన్నంతమేర మెరుపు పోయి, లోపల బూడిదరంగు తేలింది. అంత మెరుపూ ఈ పిల్ల కడుపులోకి పోయింది.

రాజమ్మక్క జాడీ తీసుకోని పెరట్లోకి నడిచింది. అత్తగారు అడ్డమొచ్చింది.

"యాడికి తీసకపోతా ఉండావు వదినా?"

"ఇది బాగలేదు. ఇంకోటి పంపిస్తా."

"బాగలేనిది పంపిస్తివా నా కోడలికి?"

అప్పుడు నేను చెప్పాల్సొచ్చింది. పూతలో సీసముందని, పులుపుకు కరుగుతుందని, ఇంక తినకూడదని. అత్తగారు నన్ను కిందినుంచి పైదాకా చూసింది. తర్వాత రాజమ్మక్క వైపు తిరిగింది. "ఈ పూత ఎవురు పూసినారు?"

నేను నోరు తెరిచేలోపల రాజమ్మక్క, "నేనే పూసినా" అనింది. "ఈ బిడ్డ మద్రాసులో సదివింది, సూసి తప్పని చెప్పింది. అందుకే పరిగెత్తుకోని వచ్చినాము." అని, జాడీని తిరగలి రాయికేసి కొట్టింది. కడుపుతో ఉన్న కూతురు చూస్తా ఉండగా కొట్టింది. చెంగమ్మ రెండు చేతులూ పొట్టమీద పెట్టుకోని బిగ్గరగా ఏడ్చింది. ఆ ఏడుపు జాడీ పోయినందుకు కాదని ఆ వాకిట్లో అందరికీ తెలుసు.

అత్తగారు మూట కట్టించింది. "మీ బిడ్డను మీరే తోడకపోండి. కాన్పు మీ ఇంట్లోనే. బిడ్డ నిక్షేపంగా ఉంటేనే తీసుకోని రండి, లేదంటే రావద్దు" అనింది. చెంగమ్మ మొగుడు గోడ పక్కన నిలబడి ఉన్నాడు. వాళ్ళమ్మ ముందర నోరెత్తే మనిషి కాదు.

ఎవరూ చెప్పలేని సంగతి

తిరుగుదారిలో నేరుగా మిషను ఆస్పత్రికి పోయినాము. డాక్టరమ్మ అంతా విన్నది. ఆ ఊరగాయ ఆపినారు కదా, అదే పెద్ద మందు, పాలు తాగించండి, ఆకుకూరలు పెట్టండి అనింది. "లోపలి బిడ్డకు?" అని అడిగినాను. "ఇప్పుడేమీ చెప్పలేను. పుట్టినాక కూడా వెంటనే చెప్పలేను" అనింది. నన్ను తిట్టి ఉంటే బాగుండుననుకున్నాను.

మునెప్పతో రాజమ్మక్క, కాన్పుకు తోడుకోని వచ్చినాననే చెప్పింది. ఆ నెలలు ఎట్ల గడిచినాయో నాకే తెలుసు. చెంగమ్మ కడుపునొప్పి తగ్గింది, మొహంలో రంగొచ్చింది. నేను మాత్రం వాళ్ళింటి వైపు నుంచి ఏ కేక వినబడినా లేచి వాకిట్లోకి పోయేదాన్ని. ఉలి పట్టుకోని కూర్చుని, ఒక్క గీతన్నా చెక్కకుండానే లేచేదాన్ని. నాయన చూసి ఒకరోజు అడిగినాడు, చెప్పినాను. "ప్రార్థన చేస్తా. నువ్వు మాత్రం రోజూ ఆ ఇంటికి పో. దాక్కోవద్దు" అన్నాడు. పోయినాను. రోజూ పాలచెంబు తీసుకోని పోయినాను.

మగబిడ్డ పుట్టినాడు. మధ్యాహ్నం పూట, మంత్రసాని బయటికొచ్చి చెప్పింది. మూడోరోజు రాజమ్మక్క ఆ బిడ్డను పాతచీరలో చుట్టి తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. "సదువుకున్నదానివి. వీడు బాగుండాడా? సూసి చెప్పు" అనింది.

నాకు పసిబిడ్డల గురించి ఏం తెలుసు? వేళ్ళు చూసినాను. కళ్ళు చూసినాను. ఎర్రగా, ముడతలు ముడతలుగా, అందరు బిడ్డల్లాగే ఉన్నాడు. ఆమె నా నోటివైపే చూస్తా ఉంది. "బాగుండాడక్కా" అన్నాను. తెలిసి అనలేదు. భయంతో అన్నాను.

మీకు చెప్పదలుచుకున్నది ఇక్కడే చెప్పేస్తాను. కాలేజీ తెరిచినాక మళ్ళీ పోయినాను, పరీక్షలు రాసినాను, చిత్తూర్లో ఉద్యోగం వచ్చింది. నా క్లాసులో ఏ పిల్లకైనా ఏదన్నా చేయొద్దని చెబితే, ఎందుకో కూడా చెప్పినాను. బ్రష్షు నోట్లో పెట్టొద్దంటే ఎందుకు. ఈ రంగు గోళ్ళకు రాసుకోవద్దంటే ఎందుకు. పిల్లలు విసుక్కునేవాళ్ళు, మణెమ్మ టీచరు సాగదీస్తుందని. హెడ్‌మిస్ట్రెస్సమ్మ కూడా అనేది. సాగదీయండి, పరవాలేదు. అవతలి మనిషి ఇంట్లో ఏ పద్ధతి ఉందో మీకు తెలీదు. మీరు చెప్పింది వాళ్ళకు పిచ్చిమాటగా కనబడొచ్చు. కారణం తెలిస్తే వాళ్ళ పద్ధతిని వాళ్ళే పక్కన పెడతారు. ఒక తల్లి పక్కన పెట్టగా నేను కళ్ళారా చూసినాను.

మాట

బిడ్డ పెరిగినాడు. పాకినాడు, నడిచినాడు. మాట మాత్రం రాలేదు. ఈడు పిల్లలు అత్తా, తాతా అంటా ఉంటే వీడు చూస్తా ఉండేవాడు. పిలిస్తే తిరిగేవాడు, నవ్వేవాడు, వేలెత్తి చూపించేవాడు. నోరు తెరిచేవాడు కాదు. చెంగమ్మ మొగుడు వచ్చి బెల్లం, బట్టలు ఇచ్చి పోయేవాడు. తోడుకోని పోతానని మాత్రం అనేవాడు కాదు. బిడ్డకు మాటొస్తే రమ్మనింది మాయమ్మ అని ఒకసారి తల దించుకోని చెప్పినాడు.

డాక్టరమ్మను అడిగితే, ఆలస్యంగా మాట్లాడే పిల్లలు ప్రతి ఊళ్ళో ఉంటారు, జాడీ వల్లనే అని చెప్పలేము, కాదనీ చెప్పలేము అనింది. నేను సెలవలకు వచ్చినప్పుడల్లా వాడి ముందర కూర్చోని కాకి బొమ్మ గీసి కాకి, మేక బొమ్మ గీసి మేక అని గొంతు పోయేదాకా చెప్పేదాన్ని. వాడు బొమ్మను చూసేవాడు, నన్ను చూసేవాడు, పెన్సిలు లాక్కోని పోయేవాడు. రాజమ్మక్క నన్ను ఒక్కమాట అనలేదు, ఒక్కరోజు అనలేదు. సంతకు పోతా మా వాకిట్లో ఒక నిమిషం నిలబడి, ఇంకా రాలేదన్నట్టు తల అడ్డంగా ఊపి పోయేది. అంతకంటే ఆమె తిట్టి ఉంటే నాకు నిద్రపట్టేది.

ఒక ఎండాకాలం సెలవల్లో అన్నం తింటా ఉన్నాను. రాజమ్మక్క పరిగెత్తుకోని వచ్చింది. ఆ వయసులో ఆమె పరిగెత్తడం నేను చూడలేదు. జుట్టుముడి ఊడిపోయి, చేతులకు తడిమట్టి, ఊపిరాడక వాకిలి పట్టుకోని నిలబడింది. అయిపోయింది, బిడ్డకేదో అయిపోయింది అనుకున్నాను. చేతిలో ముద్ద కంచంలో పడింది.

"తిట్టినాడు" అనింది.

"ఎవరక్కా?"

"వాడే. నా మట్టిముద్ద లాక్కోని నోట్లో పెట్టుకుంటా ఉంటే పెరికేసినా. 'పోవే ముసిల్దానా' అనేసినాడు తల్లీ. నన్ను. ఎంత సక్కంగా అన్నాడో. ఒక్క అక్షరం పోలేదు."

నేను ఎంగిలిచేత్తోనే లేచి ఆమె దగ్గరికి పోయినాను. నిజంగానా అక్కా, ఏమన్నాడు, మళ్ళీ చెప్పు అన్నాను. ఆమె చెప్పింది. ఇంకోసారి చెప్పు అన్నాను. ఇంకోసారి చెప్పింది. ఆ తిట్టును ఆ వాకిట్లో ఎన్నిసార్లు చెప్పించుకున్నానో గుర్తులేదు. ప్రతిసారీ ఆమె మట్టిచేతుల్తో కళ్ళు తుడుచుకుంటానే చెప్పింది.